నూట పది డిగ్రీలు

"ఇంత ఊళ్ళో మా క్లినిక్కే ఎందుకు ఎంచుకున్నారు?"

కాగితం మీంచి కళ్ళెత్తకుండానే అడిగిందామె. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగే ప్రశ్నే అది. అచ్చేసిన కాగితంలో నాలుగో గడి.

వడ్రంగి నిజమే చెప్పాడు. అబద్ధం అల్లాలంటే మాటలు ఎక్కువ కావాలి. అతని దగ్గర అన్ని లేవు.

"స్టేషన్‌కి దగ్గరండి."

కలం ఆగింది.

"అంతేనా?"

"మెట్లు దిగితే ఎనభై రెండు అడుగులు. రోడ్డు దాటక్కర్లేదు."

అప్పుడు తలెత్తి చూసింది. కోపం వచ్చినా ముఖం మీద సరిగా నిలవని మనిషి. కనుబొమ్మలు కోప్పడుతున్నాయి గానీ కళ్ళు వాటికి సాయం రావడం లేదు.

"పొద్దుట్నించి మీరు నాలుగో మనిషి. ఒకావిడ వానొస్తే తడవకుండా రావచ్చంది. ఒకాయన బస్సు గుమ్మం ముందే ఆగుతుందన్నాడు. ఆ డాక్టరు బాగా చూస్తుందట అని ఒక్కరన్నా వస్తారేమోనని రెండేళ్ళుగా కాచుక్కూచున్నా. నేను చదివింది నాలుగున్నరేళ్ళండీ, ఎనభై రెండు అడుగులు కాదు!"

బల్ల మీద మోకాలికి వేడికాపడం పెట్టుకుని కూర్చున్న పాత పోస్ట్‌మాన్ నవ్వాడు.

"నేను మాత్రం నీకోసమే వస్తున్నానమ్మా."

"మీరు మీ మోకాలి కోసం వస్తున్నారు తాతగారూ. కాలు కదపకండి."

వడ్రంగికి ఏదో ఒకటి చెప్పి ఆమెను సముదాయించాలనిపించింది. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు.

అంతకు రెండు రోజుల ముందు ఈ ఎంపిక కోసం ఇంట్లో పెద్ద పంచాయితీయే జరిగింది. గుమ్మం బిగిస్తుంటే నిచ్చెన జారి, కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టులో ఉన్నాక ఎముక అతుక్కుంది గానీ చెయ్యి పైకి లేవడం మానేసింది. ఫిజియోథెరపీ చేయించాలన్నారు. అక్క మూడు క్లినిక్కుల పేర్లు రాసి ముందు పెట్టింది. మొదటిది పేరున్న పెద్దాసుపత్రిలో, రెండు బస్సులు మారాలి. రెండోది మంచిదే, కానీ బస్సు దిగాక ఎత్తు రోడ్డు ఎక్కాలి, నీడ లేదు. మూడోది చిన్నది, రైల్వే స్టేషన్ పక్కనే. ఇంటికి ఏడో స్టేషన్.

"పెద్దదానికే పోదాంరా. బస్సంత బోర్డుంది దానికి," అంది అక్క.

అతను మూడో పేరు మీద వేలు పెట్టాడు.

"అదేనా? ఎందుకట?"

"రైలు."

"నీతో మాట్లాడే బదులు గోడకి సున్నం వేసుకున్నా ఇల్లు తెల్లబడేది," అని అక్క లేచిపోయింది.

విరిగిన భుజంతో కిక్కిరిసిన బస్సులో నిలబడి వచ్చినవాడికే దూరమంటే ఏమిటో తెలుస్తుంది. బ్రేకు వేసినప్పుడల్లా ఎముకలో ఉలి దిగినట్టుంటుంది. రైలు అలా కాదు, ఊయలలా తీసుకొస్తుంది. అదంతా అక్కకు చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

*

శుక్రవారం శుక్రవారం వచ్చేవాడు.

ఆ గది మేడ మీద. కిటికీ తెరిస్తే ప్లాట్‌ఫారం కనిపిస్తుంది. రైలు వచ్చేముందు నేల సన్నగా వణుకుతుంది, తర్వాత గాజు కిటికీ, ఆ తర్వాత చప్పుడు. మధ్యాహ్నపు ఎండ పల్చని తెరలోంచి వడగట్టినట్టు బల్ల మీద పడేది. ఆ బల్ల మీద పడుకుని అతను పైకప్పును చూసేవాడు. ఆమె అతని మోచేతి కింద ఒక అరచెయ్యి, భుజం మీద ఒక అరచెయ్యి వేసి, నిద్రపోతున్న పసిబిడ్డను లేపినట్టు చేతిని పైకి లేపేది.

నొప్పి తెలియకుండా ఉండాలని మాట్లాడుతూ ఉండేది. కిటికీలోంచి చూసినవన్నీ చెప్పేది. రోజూ రైలు తప్పిపోయి, రోజూ గడియారాన్నే తిట్టే గుమాస్తా సంగతి. ఎక్కేవాళ్ళకి కాకుండా దిగేవాళ్ళకి చెయ్యి ఊపే పిచ్చి పెద్దాయన సంగతి.

"మీరూ ఏదన్నా చెప్పండి. నేనొక్కదాన్నే మాట్లాడుతుంటే రేడియో పెట్టుకున్నట్టుంది."

"ఏం చెప్పనండి?"

"ఈ బల్ల ఏం కర్రో చెప్పండి."

అతను ఎడం చేతి వేళ్ళతో బల్ల అంచు తడిమాడు.

"వేప. కొట్టిన ఏడాదే చేసేశారు, ఆరనివ్వలేదు. అందుకే వానాకాలం ఈ సొరుగు బిగుసుకుంటుంది. తిట్టి ప్రయోజనం లేదు. దానికి తడి గుర్తొస్తుంది."

ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"తడి గుర్తొస్తుందా," అని మెల్లగా తనలో తాను అనుకుంది. రేడియో ఆగిపోయిన ఆ గదిలో అతనికి మొదటిసారి తన గుండె చప్పుడు వినబడింది.

ఆ రోజు రైల్లో తిరిగి వెళుతుంటే చినుకులు కిటికీకి అడ్డంగా పరుగెత్తాయి. ఏ స్టేషన్ వచ్చిందో, ఏది పోయిందో తెలియలేదు. దిగాల్సిన చోట దిగకుండా రెండు స్టేషన్లు ముందుకు పోయి, వాన వెలిశాక నడిచి వెనక్కి వచ్చాడు. అక్క అడిగితే "రైలు లేటు" అన్నాడు. అతను ఆడిన మొదటి అబద్ధం అది. నోరు తీయగా ఉందనిపించింది.

ప్రతి శుక్రవారం చివర్లో ఆమె రెండు రేకుల కొలబద్ద పట్టుకుని చెయ్యి ఎంత పైకి లేచిందో కొలిచేది. మొదటి వారం అరవై డిగ్రీలు. రెండో వారం డెబ్బై నాలుగు. మూడో వారం తొంభై మూడు. నాలుగో వారం నూట పది. కార్డు మీద అంకె వేసి చప్పట్లు కొట్టింది.

"అబ్బ, మేస్త్రీ గారూ! నూట అరవై దాటనీయండి, మీ పేరు కొట్టేస్తాను!"

ఎంత సంతోషంగా అందంటే, అతని లోపల ఏదో పుటుక్కున విరిగింది. పేరు కొట్టేయడమంటే ఇక రావద్దనే కదా. దానికింత సంబరమా ఈమెకి?

అయిదో శుక్రవారం చెయ్యి నూట పాతిక దాకా లేవగలదని ఇంటి దగ్గరే చూసుకున్నాడు. బల్ల మీద మాత్రం నూట పది దగ్గర ఆపేశాడు. కొలబద్ద అక్కర్లేదు అతనికి. పదిహేనేళ్ళుగా మూలమట్టంతో బతికిన కన్ను. గాల్లో గీత కనిపిస్తుంది.

"నొప్పా?"

"కొంచెం."

ఆరో వారం నూట పది. ఏడో వారమూ అంతే.

ఆమె మాటలు తగ్గాయి. బల్ల పక్కన లావుపాటి పుస్తకం ఒకటి వచ్చి చేరింది, మధ్యలో కాగితం ముక్కలు పెట్టి ఉంది. కొత్త కసరత్తులు చేయించింది. కప్పీ తాడు లాగించింది. ఎనిమిదో వారం నొక్కి నొక్కి ఆమె బొటనవేళ్ళు కందిపోవడం చూశాడు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. పాత పోస్ట్‌మాన్ తెర అవతలే ఉన్నాడు. నోరు మూసుకున్నాడు.

తొమ్మిదో వారం కొలిచాక ఆమె కొలబద్దను సొరుగులో పెట్టి, అటే చూస్తూ అంది.

"వచ్చే శుక్రవారం పెద్దాసుపత్రి సర్జన్‌కి చీటీ రాసిస్తాను. మత్తిచ్చి, బిగుసుకున్న కీలుని బలవంతంగా వంచి వదులు చేస్తారు. నా వల్ల కావడం లేదండీ. నాకు చేతకాలేదు."

"అలా అనకండి."

"మరెలా అనను? స్టేషన్‌కి దగ్గరని వచ్చారు. దూరమైనా పెద్దదానికే పోయుంటే బాగుండేది మీకు."

ఆ రోజు ప్లాట్‌ఫారం మీద కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. నిజం చెబితే శుక్రవారాలు పోతాయి. చెప్పకపోతే సర్జన్ దగ్గరికి పోవాలి, అప్పుడూ పోయేవి శుక్రవారాలే. వీటన్నిటికన్నా "నాకు చేతకాలేదు" అన్న మాట గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది. రైలొచ్చింది. ఎక్కగానే ముందు ఎవరో ముసలమ్మ మూట పైకెత్తలేక అవస్థ పడుతుంటే అందుకుని పై అరలో పెట్టాడు. ఏం చేశాడో అతనికే తెలియదు.

*

పదో శుక్రవారం వాన. క్లినిక్కులో తాతగారు కూడా లేడు. ఆమె కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"రండి. మీరు స్టేషన్‌కి దగ్గర క్లినిక్కని వచ్చారు కదూ?"

"అవునండి."

"క్లినిక్కుకి స్టేషను కూడా అంతే దగ్గర."

అతనికి అర్థం కాలేదు. ఆమె కిటికీలోంచి వేలు చూపించింది.

"మూడో పెట్టె. పై అర. ముసలమ్మ మూట. కుడి చెయ్యి."

తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు.

"నా కళ్ళే పొరబడ్డాయేమోనని కార్డు తీశాను." కార్డు తెచ్చి అతని ముఖం ముందు పెట్టింది. "ఆరు వారాలు. నూట పది, నూట పది, నూట పది. నూట తొమ్మిది లేదు, నూట పన్నెండు లేదు. మనిషి ఒళ్ళు కర్ర కాదు మేస్త్రీ గారూ. ముసురు పట్టిన రోజు నాలుగు తగ్గుతుంది, బాగా నిద్రపట్టిన రోజు మూడు పెరుగుతుంది. ఇంత కచ్చితంగా ఒక్కచోటే ఆగాలంటే లోకంలో వడ్రంగికి తప్ప ఎవరికి చేతనవుతుంది?"

నేల వణికింది. కిటికీ వణికింది. రైలు చప్పుడు పోయేదాకా ఇద్దరూ ఆగారు.

"నేను ఎత్తుతుంటే మీరు బిగపట్టారు. నొప్పి అనుకుని పుస్తకాలు తిరగేశాను. మా కాలేజీ మేడమ్‌కి ఫోన్ చేసి, నా చేతుల్లో ఏదో లోపముందండీ అని ఏడ్చాను. తెలుసా మీకు?"

అతను బల్ల మీద పడుకోలేదు. గది మధ్యలో నిలబడి చెయ్యి పైకెత్తాడు. నూట పది దాటింది. నూట ముప్ఫై దాటింది. అక్కడ పళ్ళు బిగించాడు, ఇంకా ఎత్తాడు.

"కొలవండి," అన్నాడు.

ఆమె కొలిచింది. "నూట అరవై నాలుగు."

"అది మీ చేతుల పని. లోపం వాటిలో లేదు, నాలో ఉంది. కొలత తప్పు చెప్పినవాడు వడ్రంగం మానుకోవాలి. నన్ను క్షమించమని అడగను, తిట్టండి."

ఆమె తిట్టలేదు. కార్డు మీద అంకె వేసి, తేదీ వేసి, సంతకం చేసి, అతని పేరు మీద అడ్డంగా గీత గీసింది. ఆ కలం చప్పుడు అతనికి రంపపు కోతలా వినిపించింది.

"అయిపోయింది. ఇక మీరు నా పేషెంట్ కారు. ఇప్పుడు చెప్పండి, ఎందుకు చేశారు?"

వాన పెరిగింది. అతను మాటల కోసం వెతుక్కున్నాడు. ఎక్కువ దొరకలేదు.

"శుక్రవారం లేకపోతే మిగతా ఆరు రోజులూ దేనికో తెలియడం లేదండి."

ఆమె కలం మూత పెట్టబోయి పెట్టలేకపోయింది.

"మీరు... మీరు ఎంత మొద్దు మనిషండీ!"

"అవునండి."

"అవునండి కాదు! పేషెంట్‌గా ఉన్న మనిషితో మేము బయట టీ కూడా తాగకూడదు. అది మా పనిలో నియమం. మీ పేరు ఎప్పుడు కొట్టేద్దామా అని నాలుగో వారం నించి రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. ఎందుకనుకున్నారు నా చప్పట్లు? ఆ చెయ్యి లేవాలని మీకన్నా నాకే తొందర. మీరేమో దాన్ని పట్టుకుని నూట పది దగ్గర మేకు కొట్టేశారు!"

అతనికి ఒక్కసారిగా కాళ్ళ కింద నేల వణికినట్టయింది. అప్పుడు రైలేదీ రావడం లేదు.

జేబులో ఫోన్ మోగింది. అక్క. తియ్యడానికి చేతులు రాలేదు. ఆమే లాక్కుంది.

"అక్కగారూ, నేను డాక్టర్ని. మీ తమ్ముడి చెయ్యి నయమైపోయింది. ఎప్పుడో నయమైంది."

అవతల అక్క గొంతు గదంతా వినబడింది.

"తెలుసమ్మా! మొన్న మా వంటింటి తలుపు ఒక్కడే ఊడదీసి, చిత్రిక పట్టి, ఒక్కడే బిగించాడు."

"మరి చెప్పలేదేం?"

"పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అబద్ధాలాడుతున్నాడమ్మా. ఎవరి కోసమో చూద్దామని ఊరుకున్నా. నీ కోసమేనా?"

ఆమె అతని వైపు చూసి, చూపు దించుకుంది.

"అలాగే ఉందండీ."

"అయితే ఆదివారం ఇంటికి రా. మాట్లాడే మనిషి కోసం మొహం వాచి ఉన్నాన్నేను. మీ అమ్మగారిని కూడా తీసుకురా, వాణ్ణి మేమిద్దరం పంచుకుని తిడతాం."

ఫోన్ తిరిగి ఇస్తూ నవ్వింది. ఆమె కళ్ళు తడిసి ఉన్నాయి, వాన లోపలికి రాకుండానే.

క్లినిక్కు తలుపు వేసి ఇద్దరూ మెట్లు దిగారు. వీధి లేదు, దుకాణాలు లేవు, అంతా తెల్లటి వాన. దీపాలు మాత్రం నీళ్ళలో నానుతున్న పువ్వుల్లా ఉన్నాయి. ఉన్నది ఒకటే గొడుగు, అది ఆమెది. అతను అందుకుని కుడి చేత్తో ఎత్తి పట్టాడు. టీ కొట్టు వీధి చివర. ఇద్దరికీ తొందర లేదు.

సగం దూరం పోయాక ఆమె అడిగింది.

"చెయ్యి నొప్పిగా ఉందా?"

"లేదండి."

"నిజం చెప్పండి."

అతను నాలుగు అడుగులు ఆలోచించాడు.

"ఉందండి. బాగానే ఉంది."

ఆమె దగ్గరికి జరిగి, గొడుగు కాడ మీద అతని చేతికి కిందగా తన చెయ్యి వేసి పట్టుకుంది. బరువు సగం అయింది.