తడి ఆరని పడవ

ఆ పొద్దున సుధారాణి టీ పెట్టే వేళకే అత్తగారు కాసులమ్మ వాకిట్లో పని ముగించింది. బోర్లించి ఉన్న కొత్త పడవ మీద బిందెడు పసుపు నీళ్ళు పోసి, చీర చెంగుతో పైపైన తుడిచేసింది. కొడుకు మోహన్ నిద్ర లేచేసరికి చెక్క ఆరినట్టే కనిపించింది.

జాలారిపేటలో ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ పడవల్లో కూలికి వెళ్ళిన మోహన్ ఇప్పుడు ఇంటి ముందే సొంత పడవ కట్టుకుంటున్నాడు. చెక్కపని అయిపోయింది. దానిమీద ఫైబర్ గుడ్డ పరిచి, అది అతుక్కునేలా రెజిన్ మందు పూయాలి. ఆ పని తెలిసినవాడు సుధారాణి అన్న నాగబాబు.

"అమ్మా, నువ్వు దీని దగ్గరకి రాకు. ఇది మీ కాలం తెప్ప కాదు. నీకు తెల్దు," అన్నాడు మోహన్.

కాసులమ్మ చెప్పబోయిన మాట మింగేసింది.

నాగబాబు వచ్చి పరిచిన గుడ్డ సాయంత్రానికి అక్కడక్కడా తెల్లగా పాలిపోయింది. మోహన్ అంచు పట్టుకుని లాగితే మొత్తం ఊడి చేతికొచ్చింది.

"ఏటి బావా ఇది? మందు సరిగ్గా కలిపినావా?"

"ఎన్ని పడవలకి కలిపినాను! నాకే సెప్తావా?"

"నడిసముద్రంలో ఊడిపోతే నీ సెల్లెలికి ఏటి సెప్తావ్?"

నాగబాబు చేతి తొడుగులు తీసి నేలకు కొట్టాడు. "నీ పడవ నువ్వే కట్టుకో. మళ్ళీ ఈ గుమ్మం తొక్కితే ఒట్టు!"

"అన్నయ్యా, ఆగు," అంటూ సుధారాణి దడి దాకా పరుగెత్తింది.

"ఆడినేటీ అనకురా," అంది కాసులమ్మ. "పొద్దున్న నానే నీళ్ళు పోసినాను."

"నీళ్ళా? తడి చెక్కకి గుడ్డ అంటుకుంటాదా? ఎవులు పొయ్యమన్నారు నిన్ను?"

"మీ అయ్య కొత్త తెప్పకి పసుపు నీళ్ళు పొయ్యలేదురా. ఆ పొద్దు జొరంతో లేవలేకపోయినాను. 'నానొచ్చాక పొయ్యవే' అని నవ్వుకుంటా ఎల్లాడు. మరి రాలేదు."

తండ్రి పోయిన తప్పు తనదేనని అమ్మ ఇన్నేళ్ళూ మోసిందని మోహన్‌కి ఇప్పుడే తెలిసింది. వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

"అది తుపానమ్మా. నీ బిందెడు నీళ్ళు ఆపుతాయా?"

"ఆపవు. నాకు తెల్దా? అయినా నువ్వెల్లే పడవకి పొయ్యకుండా ఎలాగుంటానురా?"

దడి దగ్గర ఆగిపోయిన నాగబాబు వెనక్కి వచ్చాడు. మోహన్ లేచి అతని చెయ్యి పట్టుకున్నాడు. "బావా, అనరాని మాట అన్నాను."

"సర్లే. ముందు చెక్కకి మిగిలిన మందంతా గీకు. అత్తా, ఫైబర్ గట్టిపడ్డాక సముద్రమంతా తెచ్చి పొయ్యి, దానికేటీ అవదు."

కాసులమ్మ ఏడుస్తూనే నవ్వింది.

పడవను బాగా ఎండనిచ్చాక మోహన్ తల్లిని పిలిచాడు. "చెయ్యెట్టి సూడమ్మా. నువ్వు ఆరిందంటేనే గుడ్డ పరుస్తాం."

ఆమె ఈ కొస నుంచి ఆ కొస దాకా చెక్కని అరచేత్తో నిమిరింది. ఒకచోట ఆగింది.

"ఇక్కడ ఇంకా సల్లగుందిరా."

బావా బావమరుదులిద్దరూ మారుమాట లేకుండా వెళ్ళి నీడలో కూర్చున్నారు.