కిర్రు చెప్పులు, దూది ఒత్తి

“కోసెయ్యాలండీ. చిటికెలో పని,” అన్నాడు అప్పన్న, బుచ్చిరాజు కుడికాలి బొటనవేలు పట్టుకుని చూస్తూ. గోరు అంచు కండలోకి దిగి, పక్కంతా ఎర్రగా వాచింది.

“వద్దు నాన్నా! ముందు ఒత్తి పెట్టి చూద్దాం,” అంది లోపలినుంచి ఒక గొంతు.

బుచ్చిరాజుకు ఆ గొంతు వెంటనే నచ్చింది. కత్తి వద్దన్న గొంతు ఎవరికి నచ్చదు?

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన నాలుగో ఏడు అది. సన్నాయి బాగా వాయిస్తాడని స్వామివారి కల్యాణానికి బుచ్చిరాజును మామిడికుదురు నుంచి పలివెల పిలిపించారు. మేనత్త ఇంట్లో దిగాడు. కల్యాణం ఇంకా నెలరోజులుంది. ఊరేగింపులో స్వామి ముందు ఉత్త కాళ్ళతో నడవాలి. ఇప్పుడేమో వీధి దాటడమే గండంగా ఉంది.

అప్పన్న ఆ ఊరి మంగలి. గడ్డం గీసినంత సులువుగా కురుపులూ కోసేస్తాడు. ఆయన కూతురు మరిడమ్మ మాత్రం మంత్రసాని అయిన నాయనమ్మ దగ్గర వైద్యం నేర్చుకుంది. వేడి ఉప్పునీళ్ళ గిన్నెతో బయటికొచ్చి, గుమ్మం పక్కనున్న చెప్పులు చూసింది.

“ఈ కిర్రు చెప్పులు మీవేనాండీ?”

“ఆయ్. కొత్తవండి.”

“మీ పాదానికి చాలవు. నడవడానికి కొన్నారా, చప్పుడుకి కొన్నారా?”

“చప్పుడుకేనండి,” అని ఒప్పేసుకున్నాడు.

మరిడమ్మ నవ్వింది. బుచ్చిరాజు నెప్పి సంగతే మరిచిపోయాడు.

“రోజూ నానబెట్టి, గోరు కింద నూనెలో ముంచిన దూది ఒత్తి పెడతానండి. మెల్లిగా పైకి లేస్తుంది. ఈ చెప్పులు మాత్రం ముట్టుకోకండి.”

“పదిహేను రోజులు చూస్తాను,” అన్నాడు అప్పన్న కూతురితో. “మానలేదో, కోసేస్తాను. నువ్వింక ఎవరి కాలూ ముట్టుకోవద్దు. నవ్వులపాలవుతాం.”

మరిడమ్మ సరేనంది.

ఎనిమిదో రోజుకు వాపు తీసింది. “ఇంకో నాలుగు రోజులంతేనండీ. తర్వాత మీరు రానక్కర్లేదు,” అంది ఆమె సంబరంగా.

బుచ్చిరాజుకు ఆ సంబరం ఏమీ బాగాలేదు. ఇంటికి పోయి, అటక మీది కిర్రు చెప్పులు దించి తొడుక్కుని, సాయంత్రం దాకా కొబ్బరితోటలో తిరిగాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

పదిహేనో రోజుకల్లా వేలు మళ్ళీ మొదటికే వచ్చింది.

మరిడమ్మ ఆ వేలు చూసింది. దూది, నూనెగిన్నె నాయనమ్మ ఇత్తడి పెట్టెలో సర్ది మూత పెట్టేసింది. “నాకు చేతకాలేదండీ. నాన్న చేత కోయించుకోండి.” మాట పూర్తయ్యేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పన్న రాతిమీద కత్తి నూరుతున్నాడు. బుచ్చిరాజుకు కత్తి భయం కన్నా సిగ్గు ఎక్కువైంది.

“ఆగండి మావయ్యగారూ! ఆవిడ వైద్యం తప్పు కాదండి. ఎనిమిదో రోజుకే చాలావరకు మానింది. నేనే ఆ చెప్పులేసుకుని పాడుచేసుకున్నానండి.”

“ఎందుకయ్యా?”

“మానిపోతే మీ ఇంటికి రావడానికి ఇంకేం వంక ఉంటుందండీ?”

అప్పన్న కత్తి కింద పెట్టి, నవ్వు కనబడకుండా అటు తిరిగాడు. మరిడమ్మకు మాత్రం నవ్వు రాలేదు.

“మీ సరదాకి నా విద్య పోయేదండీ!” అంది. “ఆ చెప్పులు తెచ్చి ఇక్కడ పడేయండి. ఒత్తి పెట్టడం మీ అత్తయ్యగారికి నేర్పిస్తాను, ఆవిడే మారుస్తారు. ఊరేగింపు దాకా మీరు ఈ గుమ్మం తొక్కకూడదు.”

“ఆయ్,” అన్నాడు బుచ్చిరాజు దీనంగా. ఆ పదిహేను రోజులూ అతన్ని గోరు నెప్పి కన్నా ఎక్కువే బాధపెట్టాయి.

ఊరేగింపులో జనమంతా సన్నాయి విన్నారు. మరిడమ్మ అతని కాళ్ళే చూసింది. అడుగు ఎక్కడా తడబడలేదు. పల్లకి ఆగినప్పుడు దగ్గరికొచ్చింది.

“మానిపోయింది. ఇంకేం వంక పెట్టుకుని వస్తారండీ?”

“వంకెందుకండీ? రేపు మా అత్తయ్య వస్తుంది, సంబంధం అడగడానికి. పంపమంటారా?”

“ఆయ్,” అంది మరిడమ్మ, అతని కళ్ళలోకే చూస్తూ.

మాఘం వెళ్ళకుండానే పెళ్ళి. అల్లుడి కాళ్ళు కడుగుతూ అప్పన్న కుడి బొటనవేలు గట్టిగా నొక్కి చూశాడు.

“నెప్పుందా?”

“లేదండి.”

అప్పన్న తలెత్తి, పందిట్లో అందరికీ వినిపించేలా అన్నాడు:

“చూశారాండీ? కత్తి పెట్టకుండానే మానింది. మా అమ్మాయి వైద్యం!”