గని అంచున పలకముక్క

మార్కాపురానికి పడమట, తవ్వి విడిచిన పలకల గని ఒకటున్నది. పొద్దు గుంకిన పిమ్మట ఆ దారిన ఆటోలు సైతం పోవు. నీరు నిండిన ఆ గోతి అంచున, చీకటిలో ఎవరో పలకపై గీస్తున్న చప్పుడు వినవస్తుందని ప్రతీతి.

పొదిలి బస్సులో నా పక్కన కూర్చున్న తిమోతి అనే నడివయసు మనిషి, నిద్రపోతున్న తల్లి కొంగును తన మణికట్టుకు ముడివేసుకొని ఉన్నాడు. ఎందుకని అడిగాను. గొంతు తగ్గించి చెప్పినాడు.

చిన్ననాటి మాట. అప్పుడతనికి పదేళ్లు, చెల్లెలు షారోనుకు ఏడు. తల్లి ప్రేమకుమారి ఆ గనిలో కూలి. వానలు వెనుకపట్టగానే కొండ నుండి తెచ్చిన సీతాఫలాలను, కళ్లు విచ్చిన పచ్చికాయలను, పిల్లలిద్దరూ పలకరాళ్ల కుప్పలో గడ్డి పరచి మాగవేసేవారు. ఎవరి కాయపై వారి పేరు గీసిన పలకముక్క గుర్తు. ఒకరు లేనిదే మరొకరు తీయరాదని వారి కట్టడి.

ఒకనాడు ఆశ ఆగలేదు. రెండు పండ్లూ అతడే తిన్నాడు. చెల్లెలి పలకను గోతి అంచున పెట్టివచ్చాడు... వెతుక్కుంటుందిలే అని, నవ్వులకు.

షారోను వెతుక్కుంటూ పోయింది. తిరిగి రాలేదు.

కాలు జారిందన్నారందరూ. పలక అక్కడ పెట్టింది తానేనని అతడు ఎవరికీ చెప్పలేదు. ముప్పై యేండ్లు గడిచినవి.

నిరుడు ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే తల్లి పక్క ఖాళీ. చూపు మందగించిన మనిషి... తలుపు తీసి ఉన్నది. ఫోను వెలుగులో వెతుకుతూ గని దాకా పోయినాడు. కిర్రు... కిర్రు... అతని అడుగు వినగానే ఆ చప్పుడు ఆగింది.

గోతికి ఒక్క అడుగు దూరాన తల్లి చతికిలబడి ఉన్నది. చేతిలో గడ్డి.

"ఇటు రామ్మా... పడతావు."

"అరవొద్దు నాయనా. పాపకి కాయ మాగేసినా."

ఏటేటా కుప్పలో ఒక కాయ దాచి, పైన ఉత్త పలకముక్క కప్పేదట. ఆ ఏడు మాత్రం ఆ పలక దినమూ ఒక అడుగు గోతివైపు జరుగుతున్నదట. తడుముకుంటూ ఆమె కూడా దాని వెంట జరుగుతున్నది.

"ఎవురు జరపతాండారు నాయనా దీన్ని? నీకేమన్నా తెలుసునా?"

అతడు పలకను ఎత్తి వెలుగు పట్టాడు.

తల్లికి అక్షరం రాదు. పలకపై కొత్త గీతల తెల్లపొడి ఇంకా రాలుతున్నది —

తిమోతి.

"ఏమన్నా రాసుండాదా?"

"ఏం లేదుమా."

తల్లి పలకను అందుకొని, ఉన్నచోటనే తిరిగి పెట్టింది. "రేపు ఇది యాడికి జరిగితే ఆడికే పోతా. పాప పిలస్తాంటే పోకుండా ఎట్ల?"

నాటి నుండి ఈ ముడి.

"మరి ఆగిందా?" అన్నాను.

తిమోతి తల్లి వేళ్లకేసి చూశాడు. వంకరపోయి, గుప్పిట సైతం మూయలేని వేళ్లు.

"దినామూ రాత్రి గట్టిగా బిగిస్తా సారూ... పొద్దునకి ఇప్పి ఉంటాది."