ఊకగదిలో దగ్గు

రండి పిల్లలూ, ఇలా దగ్గరికి జరగండి. ఒరేయ్ ఎజ్రా, గుమ్మంలో కూర్చోకు, గాలికి దీపం ఆరిపోతుంది. చిన్నవాళ్లు ముందుకి రండి. భయమేసేవాళ్లు పక్కవాళ్ల చెయ్యి పట్టుకోండి. మాకేం భయం లేదనేవాళ్లు ఇంకాస్త గట్టిగా పట్టుకోండి.

ఏటి మలుపులో, పాత వరిమళ్ల గట్టు మీద, నాచు పట్టిన నాలుగు ఇటుక దిమ్మెలు చూశారు కదా? ఇప్పుడు వాటి మీద బల్లులు ఎండ కాగుతుంటాయి. ఒకప్పుడు వాటి మీద ఎత్తుగా స్తంభాలు, స్తంభాల మీద ఒక చెక్కగది ఉండేది. ఊకగది అనేవాళ్లు. దంచిన వడ్లని చేటలతో మోసుకుని, మెట్లెక్కి, నేలలో కోసిన కంతలోంచి కిందికి వదిలేవాళ్లు. ఏటిగాలి ఊకని ఎత్తుకుపోయేది. బియ్యం తిన్నగా కింద పరిచిన చాప మీద పడేది.

అది పగటి సంగతి. చీకటి పడితే మాత్రం... అటు తలతిప్పి చూసేవాళ్లు కూడా లేరు.

ఎందుకంటే, థార్న్ దొర పోయింది అక్కడే.

దొరకి లెక్కల పిచ్చి. ఆదివారం పొద్దున్నే, అప్పట్లో ఆయనకి బానిసలైన మనవాళ్లని గుడిసెల ముందు వరసగా నిలబెట్టి, కర్ర చివరతో ఒక్కొక్కరి భుజం తాకుతూ... ఒకటి — దగ్గు — రెండు — దగ్గు — అలా అరవై ఒక్క మందినీ లెక్కపెట్టేవాడు. గుర్రాల లెక్క ఆ తర్వాత. గుర్రాలు పారిపోవని ఆయన నమ్మకం.

ఒక సాయంత్రం, ఆడవాళ్లు గౌను అంచుల్లో బియ్యం దాస్తున్నారని అనుమానమొచ్చి ఊకగది ఎక్కాడు. చేటలు లెక్కపెడుతూ వెనక్కి వెనక్కి నడిచాడు. ఇరవై మూడో చేట దగ్గర కంత వచ్చింది. ఇరవై నాలుగు అనడం ఎవరూ వినలేదు.

ఆ తర్వాత నుంచీ, చీకటి పడితే చాలు, ఊకగది దగ్గర... దగ్గు.

దొర పోయిన మూడు నెలలకి పంపకాలు మొదలయ్యాయి. వారసులు ముగ్గురు. పెద్దకొడుకు హోరేస్, చిన్నకొడుకు పర్సీ, అలబామా నుంచి దిగిన అల్లుడు టిల్మన్. కూతురు కూడా ఉంది గానీ, ఆమె వాటా భర్తదే కాబట్టి ఆమెని ఎవరూ పిలవలేదు. పంచి పెట్టడానికి కోర్టువారు చుట్టుపక్కల దొరల్లోంచి ముగ్గురు పెద్దమనుషుల్ని పంపించారు.

వెండి పులుసుగరిట ఒక్కటే ఉంది. దానికోసం రెండు రోజులు కొట్టుకున్నారు. దుప్పట్ల దగ్గర ఒక పూట పట్టింది. దొర గడియారం దగ్గర అన్నదమ్ములిద్దరూ మాటలు మానేశారు.

మనుషుల పంపకం ఒక్క మధ్యాహ్నంలో తేలిపోయింది.

పళ్లు చూశారు, చేతులెత్తించారు, నడిపించారు, ఒక్కొక్కరికీ ఒక వెల వేశారు. అందర్నీ వెల సమానంగా వచ్చేలా మూడు కాయితాల మీదికి సర్దారు. ఒక్క డఫ్నీ అవ్వ దగ్గర మాత్రం కలం ఆగింది. ఎనభై దాటిన మనిషి, నడుం వంగిపోయింది. ఆమెకి సున్నా వేశారు. సున్నాని మూడు భాగాలు చేసినా సున్నాయే కదా, బళ్లో చెప్పాను మీకు. అందుకని ఏ కాయితంలోనూ రాయలేదు. ఆమె గుడిసెని పర్సీ కోళ్లకి ఇచ్చేశారు.

తెల్లారితే చీట్లు తియ్యాలి. మూడు కాయితాలూ దొర టోపీలో వేశారు. రాత్రంతా ఆ టోపీ ఎక్కడుండాలి? మా దగ్గరుంచుతాం అన్నారు పెద్దమనుషులు. వారసులు ముగ్గురూ కలిసి నవ్వారు. పెద్దింట్లో ఉంచితే ఒకడి మీద ఒకడికి నమ్మకం లేదు. చివరికి ఊకగదిలో మేకుకి తగిలించారు. తాళం వేస్తే తాళంచెవి ఎవరిదగ్గరో ఉండాలి కాబట్టి తాళమే వెయ్యలేదు. దెయ్యమే కాపలా అనుకున్నారు.

ఊకగదిలో పనిచేసే బైనాకి ఆ సాయంత్రమే వంటింటి హెస్టర్ ఊకగది కిందికొచ్చి కబురు చెప్పింది. కాఫీ పోస్తూ ఆ కాయితాలు చదవడం చెవులారా విన్నదట. బైనా ఒక కాయితంలో. ఆమె మొగుడు క్వాష్ ఇంకోదాంట్లో. తొమ్మిదేళ్ల సూకీ మూడోదాంట్లో. ఏ చీటీ ఎవరికొచ్చినా, రేపటి నుంచి వాళ్లది ఒక ఇల్లు కాదు.

బైనా చాప మడత పెట్టింది. కింద ఊక ఊడ్చింది. ఊడుస్తూ ఏడ్చింది.

రాత్రి క్వాష్ తూము దగ్గరికి బయల్దేరుతుంటే తన ఆలోచన చెప్పింది. క్వాష్ తూము కాపరి. ఆటుపోట్లకి తూము తలుపు దించకపోతే ఉప్పునీళ్లొచ్చి మళ్లన్నీ పోతాయి. ఆ రాత్రి కదలడానికి లేదు.

"కాయితాలు గాలికి వదిలేస్తే ఏమవుతుందే? మళ్లీ రాస్తారు," అన్నాడు.

"రాయనీ. రాసేదాకా నా కూతురు నా పక్కలో పడుకుంటుంది."

క్వాష్ గుమ్మం మీద వేలాడే జల్లెడ తీసి ఆమె చేతికిచ్చాడు.

జల్లెడ ఎందుకో మీకు తెలుసు. గుమ్మంలో జల్లెడ ఉంటే, ఎంతటి దెయ్యమైనా దాని కంతలన్నీ లెక్కపెట్టి గానీ లోపలికి అడుగుపెట్టలేదు. లెక్క పూర్తయ్యేసరికి తెల్లారిపోతుంది.

బైనా మెట్లెక్కింది. ఒక్కో మెట్టూ కిర్రుమంటుంటే ఆగి... ఊపిరి బిగబట్టి... మళ్లీ ఎక్కింది. గుమ్మంలో జల్లెడ పెట్టింది. లోపల ఊక వాసన. కంతలోంచి కిందినుంచి చల్లటి గాలి. గోడకి దొర టోపీ, దొర తలే అక్కడున్నట్టు.

చెయ్యి చాపింది.

కిర్ర్...

ఎవరో మెట్లెక్కుతున్నారు.

బైనా చేటల దొంతర వెనక నక్కింది. గుమ్మంలో తెల్లగా, నిలువెత్తున, తలా మొహం లేని ఆకారం నిలబడింది. దగ్గింది. బైనా దొంతర వెనక ఇంకా ముడుచుకుంది. ఇక జల్లెడ ముందు కూర్చుంటుంది, లెక్క మొదలెడుతుంది... అనుకుంది.

ఆకారం జల్లెడని చూడనైనా చూడలేదు. ఒక్క అంగలో దాటేసింది.

బైనా గుండె కుదుటపడింది. లెక్కపెట్టలేదంటే దెయ్యం కాదు. మనిషి. దొర ఇంట్లో పుట్టి, అన్నీ లెక్కపెడుతూ బతికినవాడు, లెక్కపెట్టాల్సిన ఒక్కచోటా మానేశాడు.

ఆ మనిషి టోపీలోంచి ఒక కాయితం తీసి, వెన్నెల్లో చూసి, రేపు చీటీ తీసేటప్పుడు చేతికి తగిలేలా దాని మూల మడతపెడుతున్నాడు. ఇంతలో... మళ్లీ కిర్ర్. ఇంకో తెల్ల ఆకారం. అదీ దగ్గింది. అదీ జల్లెడని దాటేసింది. రెండూ ఎదురెదురుగా పడి కొయ్యబారిపోయాయి.

"నాన్నా... నువ్వా?" అంది మొదటిది, వణుకుతూ.

"మామగారూ... మీరా?" అంది రెండోది, అంతకంటే వణుకుతూ.

మూడోది రానే వచ్చింది. జల్లెడని కాలితో తన్ని మరీ వచ్చింది. గదిలో ముగ్గురు థార్న్ దొరలు. ఒకరి కాళ్లవంక ఒకరు చూసుకున్నారు. అలబామా బురద ఇంకా వదలని బూట్లు ఒకరివి. ఆ బూట్లతో గుట్టు బయటపడింది.

"సిగ్గులేదూ బావా, నాన్న వేషం వెయ్యడానికి?" అన్నాడు హోరేస్, నెత్తిమీది దుప్పటి సర్దుకుంటూ.

"నువ్వు కప్పుకున్నదేమిటి అన్నయ్యా, పట్టు కోటా?" అన్నాడు పర్సీ.

ముగ్గురివీ ఎవరి వాటాకొచ్చిన దుప్పట్లు వాళ్లవే. ముగ్గురూ టోపీని పట్టుకున్నారు. ముగ్గురూ లాగారు. ఒకడి పక్క ఒకడు, కంత అంచు దాకా వచ్చారు.

అప్పుడు... కాళ్లకింద నుంచి... దగ్గు.

పొడిగా. తీరిగ్గా. ఆదివారం పొద్దుటి దగ్గు.

నవ్వాపుకుంటున్న బైనా నోరు అలాగే ఉండిపోయింది.

"ఒకటి..." అంది గొంతు, కింది చీకట్లోంచి.

దగ్గు.

"రెండు..."

దగ్గు.

"మూడు. మూడు దుప్పట్లు. మూడూ నావే."

బైనాకి ఒకటే తోచింది. ఇది లెక్కపెడుతోంది. లెక్కపెట్టేది నిజం దెయ్యమే.

హోరేస్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఏం చెయ్యమంటావు నాన్నా అన్నాడు.

"నా లెక్క చెడగొడుతున్నార్రా. ఒక పొయ్యి మీద వండుకున్నవాళ్లు ఒక్క కాయితంలో ఉండాలి. లేకపోతే... మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాలి నేను. మీ ఇళ్లకొచ్చి... మీ మంచాల పక్కన కూర్చుని..."

తర్వాత మెట్లు ఎవరు ఎలా దిగారో వాళ్లకే తెలియదు. టిల్మన్ బూటు ఒకటి గదిలోనే ఉండిపోయింది. బైనా కాయితాలు మూడూ ఏరి, కంతవైపు చూడకుండా మొహం తిప్పుకుని, అందులోంచి కిందికి వదిలింది. ఏటిగాలి వాటిని ఊకతోపాటు ఎత్తుకుపోయింది.

పొద్దున పెద్దమనుషులు వచ్చేసరికి వారసులు ముగ్గురూ ఒకే మాట మీద ఉన్నారు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. పొయ్యిల ప్రకారం మళ్లీ రాయమన్నారు. కారణం ఏమని రాయాలి అని అడిగితే, హోరేస్ కాస్త ఆలోచించి, మా దయాగుణం అని రాయండి అన్నాడు. కోర్టు కాయితంలో అలాగే ఉంది. తర్వాత తన సమాధి రాయి మీద కూడా చెక్కించుకున్నాడు.

బైనా, క్వాష్, సూకీ పర్సీ వాటాలో ఉండిపోయారు, ముగ్గురూ ఒక్కచోట. అందరికీ అంత అదృష్టం పట్టలేదు పిల్లలూ. హెస్టర్‌ది ఒక పొయ్యి, ఆమె అక్కది ఇంకో పొయ్యి. అక్క టిల్మన్ వాటాలో పడి అలబామా బండెక్కింది. హెస్టర్ గట్టు మీద నిలబడి బండి కనపడినంతసేపూ చూసింది. పంపకం ఎంత దయగా చేసినా పంపకమే.

సాయంత్రం బైనా జల్లెడ కోసం వెళ్లింది. పగటి వెలుగు ఇంకా ఉంది గనక ధైర్యం చేసి స్తంభాల మధ్యకి వంగి చూసింది.

ఊక కుప్ప కదిలింది.

ఊకలోంచి ఒక తల లేచింది. తెల్లటి తల. దగ్గింది.

"ఏమే పిల్లా, చల్లబడిన అన్నమైనా తెచ్చావా?" అంది డఫ్నీ అవ్వ.

బైనా అవ్వ పక్కనే ఊకలో కూర్చుంది. గుడిసె కోళ్లకి ఇచ్చేశాక అవ్వ అక్కడే పడుకుంటోందట. ఊక వెచ్చగా ఉంటుంది. అంతకుముందు మూడు నెలలూ, రాత్రిళ్లు దగ్గు ఎక్కువైనప్పుడు గుడిసెలో ఎవరి నిద్రా చెడకూడదని అక్కడికే వచ్చేదట.

"నా నెత్తిమీదే ఏడ్చావు కదే నువ్వు, ఊడుస్తూ," అంది అవ్వ. "ఏం చెయ్యను, ఊరికే వింటూ పడుకోనా?"

బైనా అడిగింది. "దొర గొంతు అచ్చం అలాగే ఎలా వచ్చింది అవ్వా? ఆ లెక్క... ఆ మాట సాగదీయడం..."

అవ్వ వేళ్లు చాపింది. వంకర తిరిగిన వేళ్లు. ఒక్కోటీ ముడుస్తూ అంది:

"నా గొంతు వాడిలా ఉండటం ఏమిటే? వాడి గొంతే నాది. తల్లి మంచాన పడితే ఒళ్లో వేసుకుని మాటలు నేర్పింది నేను. ఈ వేళ్లు పట్టుకునే... ఒకటి, రెండు, మూడు... లెక్క నేర్చుకున్నాడు. అదొక్కటే నా తప్పు. నిన్న దిద్దుకున్నాను."

ఏ కాయితంలోనూ లేని మనిషి కాబట్టి, ఆ ఎస్టేటు మొత్తంలో ఆ రోజు ఎవరి సొత్తూ కానిది ఆమె ఒక్కతే. ఆ రాత్రి నుంచి బైనా పొయ్యి దగ్గర నాలుగో కంచం పెట్టారు. తొమ్మిదేళ్ల సూకీ ముసలిదై ఈ కథ చెప్పినప్పుడల్లా, ముందు ఆ కంచం సంగతే చెప్పేది.

ఇక లేవండి. ఇళ్లల్లో బొబ్బర్లూ అన్నం చల్లారిపోతుంటాయి, మీ అమ్మలు నన్ను తిడుతుంటారు. దారిలో ఎవరైనా దగ్గితే పరిగెత్తకండి. ఆగి, లెక్కపెట్టమనండి. లెక్కపెట్టకుండా మీదికొస్తే మీ అన్నయ్యే.

లెక్కపెడితే... అన్నం తిన్నావా అవ్వా అని అడిగి, ఇంటికి తీసుకెళ్లండి.