మెట్లు లేని ఇల్లు

శుక్రవారం పద్మనగర్‌లో సాంచాలకు, అంటే మరమగ్గాలకు, సెలవు. వారమంతా గోడలదిరే ఆ చప్పుడు ఆగిపోయేసరికి, స్టవ్ మీద చాయ్ మరగడం కూడా రాజమణికి వినిపిస్తుంది. భర్త దత్తాత్రి సాంచాలు రిపేరు చేసే జాబర్. ఆ ఒక్కరోజే పొద్దంతా ఇంట్లో ఉంటాడు. ఆయనతో పాటు ఆయన కోపమూ ఇంట్లోనే ఉంటుంది.

కూతురు దీపాలి గడపలో కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది. పెదనాన్న కనుకయ్య మూతబడ్డ తన సాంచాల షెడ్డులో చుట్టూ వల కట్టి, అద్దెకిచ్చే క్రికెట్ టర్ఫ్ చేశాడు. శుక్రవారం పొద్దున అక్కడ ఆడపిల్లల ఆట.

"ఇంత తినిపో బిడ్డా."

"వచ్చి తింట అవ్వా. పోరీలు ఎదురుచూస్తున్రు."

దత్తాత్రి రెండో చాయ్ పూర్తి చేయకముందే ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. స్నేహితురాలు పూనం పట్టుకుని దింపుతుంటే దీపాలి ముఖమంతా నెత్తురు. కుడి మోచేతి కింద ఎముక వంగకూడని చోట వంగింది. వల కట్టిన ఇనుప స్తంభం విరిగి మీద పడిందట.

రాజమణి కొంగు చించి బిడ్డ తలకు కట్టింది. "దవాఖానకు నడువుండ్రి!" అని అరిచేలోగా కనుకయ్య స్కూటర్ తెచ్చి ఆటోకు అడ్డం పెట్టాడు.

"పొండి, ఎవలొద్దన్నరు? టర్ఫ్‌ల తాకిందని మాత్రం చెప్పకుండ్రి. పోలీసులొచ్చి తాళం ఏస్తరు. మెట్ల మీంచి పడ్డదనుండ్రి. తమ్మీ, నువ్వు జల్దిన పోయి గా స్తంభానికి వెల్డింగ్ పెట్టు."

దత్తాత్రి తలూపాడు. ఆ మాట ఆయనకు కొత్త కాదు. సాంచాలు నడిచిన రోజుల్లో ఆ షెడ్డులో ఎవరి వేలు నలిగినా, ఎవరి కన్ను చితికినా, దవాఖానలో మెట్ల మీంచి పడ్డాడనే చెప్పేవాడు. అన్న నేర్పిన మాట, అలవాటైపోయింది.

"వద్దు బాపు," అంది దీపాలి పళ్లు బిగించి. "అది అట్లనే ఉండాలె. తుప్పు పట్టిందని పోయిన శుక్రవారమే పెద్దబాపుకు చెప్పిన. పూనం ఫోటోలు గూడ తీసింది."

కనుకయ్య పూనం చేతిలోని ఫోన్ లాక్కుని రాయికేసి కొట్టాడు. పిల్ల అడ్డం వస్తే మెడపట్టి తోసేశాడు.

రాజమణి కళ్లు ఎర్రబడ్డాయి. "ఆడపిల్ల మీద చెయ్యేస్తవా బావా?" అంటూ ఆయన గల్లా పట్టుకుని గుంజింది.

"మా అన్న గల్లా పడ్తవానే!"

దత్తాత్రి దెబ్బకు ఆమె మూతి వెళ్లి దర్వాజకు తగిలింది. పెదవి చిట్లి నెత్తురు కారింది. రెండో దెబ్బకు లోపలికి తూలి, దర్వాజ పక్కనే ఉన్న స్టవ్ మీద చెయ్యి వేసింది. మరిగే చాయ్ గిన్నె కింద పడింది. మూడోసారి చెయ్యి లేచేసరికి దీపాలి విరిగిన చేతితోనే మధ్యకు వచ్చింది.

"కొట్టు బాపు. ఆగినవేంది? ఇగ అవ్వ గూడ మెట్ల మీంచే పడ్డదా? చిన్నప్పటి సంది ఇంటున్న. పన్ను ఊడితె మెట్లు, చెయ్యి వాస్తె మెట్లు. మనది కింది ఖోలీ, ఒక్కటే అర్ర. మనింటికి మెట్లేడున్నయి బాపు? నాకొక్కసారి చూపియ్యి!"

దత్తాత్రి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. కూతురి తల కట్టులోంచి నెత్తురు ఆయన చొక్కా మీదికి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఆ వెనక రాజమణి, కాలిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఏడుపు కూడా లేకుండా కూర్చుంది. ఆ ఏడవకపోవడమే చూడలేకపోయాడు.

"పోరికి తలకు తాకి ఏదేదో అంటున్నది. నువ్వు నడువు తమ్మీ," అన్నాడు కనుకయ్య.

"అన్నా, స్కూటర్ తియ్యి."

"ఏంది?"

"తియ్యమన్న. ఆటో పోవాలె." కనుకయ్య కదలలేదు. దత్తాత్రి ఆ స్కూటర్‌ను ఒక్క తన్ను తన్ని వాకిటి పక్క మురికి మోరీలో పడేశాడు.

దవాఖానలో తెలుగు రాని డాక్టరమ్మ దీపాలి చెయ్యి చూస్తూ, ఎలా తగిలిందని హిందీలో అడిగింది. దత్తాత్రి వచ్చీరాని హిందీలోనే చెప్పాడు. టర్ఫ్‌లో తుప్పు పట్టిన స్తంభం విరిగి పడింది, టర్ఫ్ మా అన్నది, ఇది పోలీసులకూ చెప్తాను అన్నాడు.

ఆమె తలూపి, పోలీసులకు పంపే కాగితం ముందుకు తీసుకుని రాజమణి వైపు తిరిగింది. "మరి మీకు?"

ఇన్నేళ్ల అలవాటు కదా, రాజమణి నోరు దానంతటదే తెరుచుకుంది. "మెట్ల మీంచి..."

"మా ఇంటికి మెట్లు లేవు మేడమ్," అన్నాడు దత్తాత్రి. "నేనే కొట్టిన. ఇయ్యాల్నే కాదు, మస్తుసార్లు."

అనేసి గోడకు చేరగిలబడి కూలబడ్డాడు. మోకాళ్లలో తల పెట్టుకుని పసివాడిలా ఏడ్చాడు. దెబ్బలు తిన్నప్పుడు ఏ రోజూ బయటికి రాని ఏడుపు రాజమణికీ అప్పుడే తన్నుకొచ్చింది. దీపాలి బాగున్న చేత్తో తల్లి భుజం పట్టుకుంది.

రాజమణి ఆయన్ని లేవమనలేదు, ఊరుకోమనలేదు. కాసేపటికి చిట్లిన పెదవి తుడుచుకుని డాక్టరమ్మ వైపు చూసింది.

"రాయుండ్రి మేడమ్," అంది. "రెండూ రాయుండ్రి."