పెదనాన్న అకౌంట్ నుంచి

“మీ పెదనాన్నగారికి ఈ వయసులో ఇదేం బుద్ధండీ?”

ఫోన్ ఎత్తగానే ఆ మాట. గొంతు వినగానే అతనికి తెలిసిపోయింది. నిన్న వార్డు అభ్యర్థుల చర్చ జరిగిన హాల్లో, ఉన్న ఒక్క ప్లగ్గు కోసం గొడవపడి, అతని చార్జర్ పీకేసి, పైగా పకపకా నవ్విన పిల్ల! ఎదుటి అభ్యర్థికి మేనకోడలు. ఆవిడ ఆన్‌లైన్ ప్రచారమంతా ఈ అమ్మాయే చూస్తుంది. ఇటు పెదనాన్న ప్రచారం ఇతని నెత్తిన ఉంది.

“ఆయనేం చేశారండీ?”

“నా ఫొటో కింద చూడండి.”

చూశాడు.

‘మీరు నవ్వుతుంటే ఈ ఫొటోలో మిగతావాళ్లెవరూ కనిపించట్లేదు.’ పక్కన పెదనాన్న బొమ్మ, కళ్లజోడూ నెరిసిన మీసంతో సహా!

పొద్దున కాఫీ తాగుతూ రాసింది తనే. తన అకౌంట్‌లోకి మారడం మర్చిపోయాడు. వారాల తరబడి పెదనాన్నలాగే మాట్లాడీ మాట్లాడీ తనెవరో తనకే గుర్తులేకుండా పోయింది.

“అది... నేను రాశానండీ.”

“బాగుంది! ప్రతి కామెంటుకీ ఆయనే స్వయంగా జవాబిస్తారని మీ పోస్టర్ల మీద లేదూ?”

ఉంది. ఆ మాట వేయించిందీ ఇతనే. దానికే జనం ఆయన్ని మెచ్చుకుంటున్నారు. ఇప్పుడు నిజం చెబితే పెదనాన్న అబద్ధాలకోరు. చెప్పకపోతే ఆడపిల్లల వెంటపడే ముసలాయన. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“కామెంటు తీసేస్తానండీ.”

“ఏం లాభం? ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఊరంతా పంచేశారు. మా పేజీలో కూడా పెట్టమని మా అత్తయ్య నా ప్రాణం తీస్తోంది.”

ఇంతలో తలుపు తోసుకుని పెద్దమ్మ వచ్చింది. వెనకాలే పెదనాన్న, తెల్లబోయిన మొహంతో.

“ఎవరండీ ఆ నవ్వులమ్మ?” అంది పెద్దమ్మ.

“నీ మీద ఒట్టే! నాకు ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకోవడమే రాదు!”

ముప్పొద్దులా నీతులు చెప్పే పెదనాన్న అలా బెదిరిపోయి నిలబడితే అతను చూడలేకపోయాడు. ఆ కాల్ కట్ చేసి, ఆయన పేజీలోనే లైవ్ మొదలెట్టేశాడు.

“ఆ కామెంటు మా పెదనాన్నది కాదండీ, నాది. ఇన్నాళ్లూ ఆయన పేరుతో మీకు జవాబులిచ్చిందీ నేనే. ఆ అమ్మాయికీ, మీ అందరికీ క్షమాపణలు.”

పెదనాన్న కుర్చీలో కూలబడ్డారు. లైవ్‌లో ఎవరో అడిగారు: ‘అయితే ఆ నవ్వు సంగతి కూడా అబద్ధమేనా?’



“అదొక్కటీ నిజం” అనేసి, లైవ్ ఆపేశాడు.

వెంటనే ఫోన్ మోగింది.

“ఎంత ధైర్యమండీ మీకు! మా అత్తయ్య చేతిలో కప్పు జారిపోయింది. దీంతో మీరు ఓడిపోవచ్చు, తెలుసా?”

“తెలుసు.”



“ఆ కామెంటు తీసేయండి” అంది. గొంతు మెత్తబడింది. “తీసేసి, మళ్లీ రాయండి. ఈసారి మీ పేరుతో.”

కళ్లు నులుముకుని, ఎవరి అకౌంట్‌లో ఉన్నాడో ఒకటికి రెండుసార్లు చూసుకుని రాశాడు. తల ఎత్తేసరికి పెదనాన్న తన ఫోన్ ముందేసుకుని ఒంటి వేలితో ఏదో పొడుస్తున్నారు. పెద్దమ్మ భుజం మీంచి అక్షరాలు అందిస్తోంది.

అతని కామెంటు కింద ఇంకోటి పడింది. ‘అమ్మాయీ, మావాడు తొందరపాటు మనిషేగాని చెడ్డవాడు కాదు. ఇది మాత్రం నేనే రాశాను. సాక్షి మా ఆవిడ.’

“అయ్యబాబోయ్!” ఫోన్‌లో ఆ అమ్మాయి కేక పెట్టింది. “మా అత్తయ్య నా ల్యాప్‌టాప్ లాక్కుంది... జవాబు రాసేస్తోందండీ!”

ఇద్దరూ ఎవరి తెర వైపు వాళ్లు గుడ్లప్పగించి చూశారు. నిన్నటిదాకా పెదనాన్నని దుమ్మెత్తిపోసిన ఆవిడ పేజీ నుంచే వచ్చిందది.

‘ఎన్నికలు కానివ్వండి, అన్నయ్యగారూ. గెలిచినవాళ్లింట్లో కూర్చుని పిల్లల సంగతి మాట్లాడుకుందాం.’