కింది కొమ్మ

"అమ్మాయ్, నేను పొద్దుటి మాత్ర వేసుకున్నానా?"

కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. అత్తగారు ఈ మాట అడగడం అప్పుడే రెండోసారి. ఇంట్లో ఎవరి చెప్పులు ఎక్కడున్నాయో కూడా ఠక్కున చెప్పే మనిషి!

"వేసుకున్నారత్తయ్యా. నేను చూశాను."

"చూశావా? హమ్మయ్య," అంటూ ఆవిడ బాల్కనీ వైపు కన్నెత్తి చూడకుండా వెళ్ళి కూర్చుంది.

ఆ బాల్కనీలోనే, పళ్ళెమంత కుండీలో, ఆవిడ బోన్సాయ్ దానిమ్మ ఉంది. మూరెడు ఎత్తు, నూరేళ్ళ చెట్టు వాలకం. కింద ఒక్క కొమ్మ మాత్రం వంకరగా, ఏపుగా పెరిగిపోయి ఉండేది. పోయిన ఆదివారం మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుంటే కోడలికి చేతులు దురద పుట్టాయి. పార్లర్లో జుట్టు కత్తిరించే మనిషాయె, రెండు పక్కలా సమంగా లేకపోతే ప్రాణం ఒప్పదు. అత్తయ్య మురిసిపోతుంది కదా అని, తన జుట్టు కత్తెరతోనే ఆ కొమ్మని మొదలంటా కోసి పారేసింది.

అత్తగారు లేచి చూసి లబోదిబోమంది. చెట్టు మొదలు లావెక్కాలని నాలుగేళ్ళుగా ఆ కింది కొమ్మని కావాలనే వదిలేసిందిట. ఇంకొన్నాళ్ళు పెరిగాక తనే కోసేదిట. జుట్టయితే రెండు నెలలకి వస్తుంది, ఇదెలా వస్తుంది?

"ఎవరు కోశారర్రా?" అని ఆవిడ అడిగిందో లేదో, కొడుకు అందుకున్నాడు. "నువ్వు తప్ప దాన్నెవరు ముడతారమ్మా? కోసి మర్చిపోయుంటావు. మొన్న పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోలేదూ?"

కోడలు రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు ఇంకా రాలేదు. ఈలోగా ఆవిడ పొయ్యి ముట్టడం మానేసింది, చెట్టు ముట్టడం మానేసింది.

ఆఫీసుకి తయారై వచ్చిన కొడుకు టిఫిన్ ముందు కూర్చున్నాడు.

"అమ్మా, ఇక నువ్వు ఒక్కదానివీ బయటికి వెళ్ళొద్దు. తాళాలు, ఆ చెట్టు కత్తెర, అన్నీ నీ కోడలికిచ్చెయ్. రేపు డాక్టరుకి చూపిద్దాం."

కస్సుమంటుందనుకున్నారు. ఆవిడ నడుం దగ్గర దోపుకున్న తాళాల గుత్తి తీసి కోడలి చేతిలో పెట్టింది. "నిజమే నాన్నా. నన్ను నేనే నమ్మలేకపోతున్నాను."

ఆ గుత్తి ఇంకా వెచ్చగా ఉంది. కోడలు భోరుమంది.

"నేనే కోశానత్తయ్యా! మీరేం మర్చిపోలేదు. నేనే!"

కొడుకు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నా బాధ చూడలేక చెబుతున్నావా?" అత్తగారు అనుమానంగా అడిగింది.

కోడలు పరుగున వెళ్ళి బ్యాగులోంచి జుట్టు కత్తెర తెచ్చింది. గట్టి కొమ్మ తగిలి దాని అంచు పెచ్చు ఊడిపోయింది. అత్తగారు ఆ అంచుని బొటనవేలితో తడిమింది. ఒక్కసారిగా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"అయితే నేను కాదన్నమాట! నా బుర్ర బాగానే ఉందన్నమాట! ఇన్ని రోజులు నన్ను నేనే చంపుకు తిన్నాను కదే!"

ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కోడలు ఆవిడ ఒళ్ళో తల పెట్టేసింది. నాలుగు తిట్టినా బాగుండును. ఆ చెయ్యి తన జుట్టు నిమురుతుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"సారీ అమ్మా," అన్నాడు కొడుకు నెమ్మదిగా.

"నీ సంగతి సాయంత్రం చూస్తాను," అంటూ ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచింది. తాళాలు లాక్కుని మళ్ళీ నడుముకి దోపుకుంది. "రావే మొద్దూ. ముందు ఆ కోసిన చోట మైనం పూయాలి. తర్వాత కింద ఇంకో చిగురు వదులుదాం."

"మళ్ళీ నాలుగేళ్ళు పడుతుంది కదత్తయ్యా?"

"పడనీ. కోడలు ముట్టుకోకూడదని గుర్తుంచుకోడానికి నేనున్నాగా!"